ప్రిన్స్ 2 అంటే ఏమిటి? కాగితాలు నింపడం తప్ప పనికి ఉపయోగపడేది ఏమైనా ఉందా?

గాజువాక_రమణ

విశాఖ ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో 14 ఏళ్లుగా ఉన్నాను. వెల్డరుగా చేరి సూపర్‌వైజరు దాకా వచ్చాను. ఈమధ్య మా షాపుకు ఆరు స్టీలు ట్యాంకుల పని వచ్చింది. పని ఇచ్చినవాళ్లు తమ ప్రాజెక్టులన్నీ ప్రిన్స్ 2 అనే పద్ధతిలో నడుస్తాయనీ, మేమూ దాని ప్రకారమే రిపోర్టులు పంపాలనీ షరతు పెట్టారు. ఒక పూట తరగతి చెప్పి, లావుపాటి ఫైలు ఒకటి చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

నాకు తెలిసిన టాలరెన్స్ అంటే ప్లేటు కొలతలో రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ. వీళ్లు రోజులకూ డబ్బుకూ టాలరెన్స్ అంటున్నారు. చెక్‌పాయింట్ రిపోర్టు, హైలైట్ రిపోర్టు, ఎక్సెప్షన్ రిపోర్టు అని మూడు ఫారాలున్నాయి. ఏది ఎప్పుడు రాయాలో తెలియక మూడూ రాస్తున్నాను. పగలంతా షాపులో, రాత్రి తొమ్మిది దాకా కంప్యూటరు ముందు.

అసలు బాధ అది కాదు. పోయిన వారం మొదటి ట్యాంకుకు పైపు కలిపే నోరు, అదే నాజిల్, పెట్టడానికి షెల్ ప్లేటు కోసి, పైపు నిలబెట్టి, వెల్డింగు కూడా ముగించాం. మర్నాడు వాళ్ల ఇంజనీరు ఫోను చేసి, "అది 90 డిగ్రీల దగ్గర కాదు, 120 దగ్గర రావాలి, మార్చేయండి" అన్నాడు. మార్చాం. కోసిన చోట అతుకు ప్లేటు వేసి, మళ్లీ వెల్డింగు చేసి, రేడియోగ్రఫీ తీయించాం. మూడు రోజులు, ఇద్దరు వెల్డర్లు. ఆ ఖర్చు బిల్లులో చూపిస్తే "మేం ఎప్పుడు చెప్పాం?" అని అడిగారు. మా యజమాని నలుగురి ముందూ నా మీద కేకలేశాడు.

ఇన్ని ఫారాలున్న పద్ధతిలో ఈ ఒక్క ముక్క రాసుకునే చోటు లేదా? ఉంటే ఎక్కడుంది? మామూలు మాటల్లో ఎవరైనా చెప్పండి.

భీమిలి_శ్రీను

సివిల్ కాంట్రాక్టరుగా 22 ఏళ్లుగా చూస్తున్నది ఇదే. పద్ధతికి ఏ పేరు పెట్టినా, ఫోనులో చెప్పినవాడు బిల్లు దగ్గర చెప్పలేదంటాడు. మీ డబ్బు పోయినట్టే. ఇక నుంచి ఫోను వస్తే వాట్సాప్‌లో పెట్టమనండి, అదే మీ ప్రిన్స్.

కంచరపాలెం_కిరణ్

శీర్షికలో ప్రిన్స్ అని చూసి మా చెల్లి మహేశ్‌బాబు కబురనుకుని పరుగెత్తుకొచ్చింది.

నాదీ ఒక ప్రశ్న. మెకానికల్‌లో బీటెక్ అయింది. ఈ పరీక్ష రాస్తే ఉద్యోగం ఖాయమని ఒక శిక్షణ కేంద్రం వాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

రుషికొండ_సింధూర

రమణ గారూ, ఆ చోటు ఉంది. మీకు ఆ పేజీ చూపించాల్సినవాళ్లు చూపించలేదు. నేను సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో తొమ్మిదేళ్లుగా ఈ పద్ధతిలోనే పనిచేస్తున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొట్టమొదట తెలుసుకోవలసింది మీ పాత్ర ఏదన్నది. ఈ ప్రాజెక్టుకు ప్రాజెక్టు మేనేజరు వాళ్ల మనిషి. మీరు టీమ్ మేనేజరు. ప్రిన్స్ 2లో పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో బృందానికి అప్పగిస్తారు. ఆ ముక్కను వర్క్ ప్యాకేజీ అంటారు. దాని విషయంలో మీరు చేయవలసినవి మూడే: ఒప్పుకోవడం, చేయడం, అప్పగించడం. ఈ మూడింటిలో మన ఊళ్లో అందరూ దాటేసేది మొదటిది. ఏ డ్రాయింగు, ఎన్నో రివిజను, ఎప్పటికి, ఎంతలో, తనిఖీ ఎవరు చేస్తారు, ఎంత తేడా వస్తే ఫర్వాలేదు, ఇవన్నీ కూర్చుని మాట్లాడుకున్నాకే ముక్కను తీసుకోవాలి. ఆ తేదీకి కుదరదనిపిస్తే కుదరదని అప్పుడే చెప్పాలి. చెప్పమనే పద్ధతి కూడా అంటుంది.

రిపోర్టుల సంగతి. చెక్‌పాయింట్ రిపోర్టు మీరు ప్రాజెక్టు మేనేజరుకు రాసేది. హైలైట్ రిపోర్టు ఆయన తన పైనున్న ప్రాజెక్టు బోర్డుకు రాసేది. అనుకున్న హద్దు దాటబోతున్నప్పుడు రాసే ఎక్సెప్షన్ రిపోర్టు కూడా ఆయన బోర్డుకే రాస్తాడు. అంటే మూడింటిలో మీది ఒక్కటే. మిగతా రెండూ మీరు రాస్తున్నారంటే రాత్రి తొమ్మిది దాకా వేరొకరి పని చేస్తున్నారన్నమాట.

ఇక నాజిల్. దాన్ని ఇష్యూ అంటారు. ఒప్పుకున్నదానికి మార్పు కావాలంటే అది రిజిస్టరులో ఒక నంబరుతో ఎక్కాలి. దానివల్ల ఎన్ని రోజులు, ఎంత డబ్బు, ఇంకా ఏది దెబ్బతింటుందో లెక్కకట్టాలి. ఆ తర్వాత, ఒప్పుకునే అధికారం ఉన్నవారు సరేననాలి. ఆ అధికారం బోర్డుది. చిన్న చిన్న మార్పులకు బోర్డు ఇంకొకరిని నియమించవచ్చు. వారిని చేంజ్ అథారిటీ అంటారు. మీకు ఫోను చేసిన ఇంజనీరుకు ఆ అధికారం ఇచ్చారా? ఇవ్వకపోతే ఆయన మాటతో గ్యాస్ కట్టరు వెలిగించాల్సిన అవసరం మీకు లేదు.

గాజువాక_రమణ

సింధూర గారూ, ఈ మాట ఆ ఒక్క పూట తరగతిలో ఎవరూ చెప్పలేదు. నా పాత్ర ఏదో నాకే తెలియకుండా మూడు వారాలు ఫారాలు నింపాను.

ఇంకోటి. టాలరెన్స్ అంటే ఏమిటో నిజంగా అర్థం కాలేదు. ఆలస్యమైతే అయింది కదా, అందులో మళ్లీ ఒప్పుకోదగిన ఆలస్యం ఏమిటి?

రుషికొండ_సింధూర

మీ ప్లేటు కొలతే ఇక్కడా. రెండు మిల్లీమీటర్లలోపు తేడా ఉంటే మీరు ఎవరినీ అడగరు, పని సాగిస్తారు. మూడయ్యేటట్టుంటే ఆగి అడుగుతారు. ఒక ట్యాంకు 30 రోజుల్లో కావాలి, నాలుగు రోజులు అటూ ఇటూ ఫర్వాలేదని ముందే రాసుకున్నారనుకోండి. 33వ రోజుకు ముగిస్తే ఎవరికీ సంజాయిషీ అక్కరలేదు. కానీ 20వ రోజునే మీకు ఇది 36 దాకా పోయేటట్టుందని అనిపించిందా, ఆ రోజే చెప్పాలి. 34 దాటాక చెబితే అది కబురు మాత్రమే. 20వ రోజున చెబితే పైవాళ్లకు ఏదో ఒకటి చేసే వీలుంటుంది.

ఇలా అంచెలంచెలుగా ఉంటుంది. ప్రాజెక్టు మొత్తానికి ఎంత తేడా సహించాలో డబ్బు పెట్టే సంస్థ చెబుతుంది. ఒక్కో దశకు బోర్డు చెబుతుంది. మీ ముక్కకు ప్రాజెక్టు మేనేజరు మీతో మాట్లాడి నిర్ణయిస్తాడు. ఎవరి గీతలోపల వాళ్లకు స్వేచ్ఛ. గీత దాటబోతున్నామని తెలిసినప్పుడే పైకి వెళ్లాలి. రోజూ ఫోను చేసి "ఎంతవరకు వచ్చింది?" అని వేధించే పై అధికారుల నుంచి మనల్ని కాపాడేది ఇదే. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా ఇదే.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజనీరు

పై పోస్టులు శ్రద్ధగా చదివాను. నేను భారీ నిర్మాణాల్లో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇందులో కొత్త ఏమీ కనిపించలేదు. క్రిటికల్ పాత్ పద్ధతిని అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1957లోనే మొదలుపెట్టింది. పోలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం అక్కడి నౌకాదళం 1958లో పెర్ట్ అనే ప్రణాళిక పద్ధతి తెచ్చింది. మేం గోడకు పెద్ద చార్టు వేలాడదీసి, ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో ఎర్ర పెన్సిలుతో గీసుకునేవాళ్లం. సంతకం లేని డ్రాయింగు షాపులోకి వచ్చేది కాదు. ఇప్పుడు దానికే ఇంగ్లిషు పేర్లు పెట్టి పరీక్షలు అమ్ముతున్నారు.

రుషికొండ_సింధూర

మాస్టారూ, క్రిటికల్ పాత్ గీయడం ప్రిన్స్ 2 నేర్పదన్నది నిజం. నేర్పుతామని వాళ్లూ చెప్పుకోలేదు. చార్టు ఎలా గీయాలన్నది మీ ఇష్టానికి వదిలేసి, చార్టు తప్పినప్పుడు ఎవరు ఎవరికి చెప్పాలి, ఆపాలా సాగించాలా అని తేల్చేది ఎవరు అన్న సంగతి ఇది పట్టుకుంటుంది. మీ రోజుల్లో సంతకం లేని డ్రాయింగు లోపలికి రాలేదంటే, ఆ క్రమశిక్షణ మీ తరం మనుషుల్లో ఉంది. రమణ గారి దగ్గర ఆ కట్టుబాటు లేదు కదా. మనుషులు మారినా నిలిచేలా రాసిపెట్టడమే పద్ధతి అంటే.

కంచరపాలెం_కిరణ్

ఇది ఎక్కడ పుట్టింది? ఆ 2 ఎందుకు? 1 ఏమైంది?

రుషికొండ_సింధూర

బ్రిటన్‌లో. సింపాక్ట్ సిస్టమ్స్ అనే కంపెనీ 1975లో ప్రాంప్ట్ అనే పద్ధతి తయారుచేసింది. ప్రభుత్వ కంప్యూటర్ ప్రాజెక్టుల కోసం అక్కడి ప్రభుత్వ సంస్థ సీసీటీఏ 1979లో దాన్ని తీసుకుంది. దాన్ని సవరించి 1989లో ప్రిన్స్ అని పేరు పెట్టారు. నియంత్రిత వాతావరణంలో ప్రాజెక్టులు అనే అర్థం వచ్చే ఇంగ్లిషు మాటల పొడి అక్షరాలవి. కంప్యూటర్లకే పరిమితం కాకుండా ఏ ప్రాజెక్టుకైనా సరిపడేలా 1996లో తిరగరాశారు. అదే ప్రిన్స్ 2. ఆ తర్వాత 2009లో, 2017లో మార్పులు జరిగాయి. ఇప్పుడు నడుస్తున్న ఏడో కూర్పు 2023లో వచ్చింది.

ఏడు సూత్రాలు, ఏడు సాధనలు, ఏడు ప్రక్రియలు. పుస్తకం లావుగా ఉన్నా అస్థిపంజరం ఇంతే.

ఎంవీపీ_లక్ష్మి

నేను ఇంజనీరును కాదు. మా అపార్టుమెంటు సంఘానికి కోశాధికారిని. 24 ఫ్లాట్లు, అయిదు అంతస్తులు. కిందటేడు లిఫ్టు మార్చినప్పుడు మా అమ్మాయి ఈ ప్రిన్స్ 2 ప్రకారం చేద్దామంది. ఆమె లండన్‌లో ఉద్యోగం చేస్తుంది, వాళ్ల ఆఫీసులో ఇదే పద్ధతట.

అంతకుముందు రెండేళ్ల క్రితం భవనానికి రంగులు వేయించినప్పుడు మేం పడిన పాట్లు చెప్పలేను. సర్వి కర్రల పరంజా మూడు నెలలు అలాగే ఉండిపోయింది. రంగు ఎంపిక మీద మూడుసార్లు సమావేశం, మూడుసార్లు వేరే వేరే నిర్ణయం. అందుకని లిఫ్టుకు ముందే ముగ్గురిని బోర్డుగా పెట్టుకున్నాం. డబ్బుకు జవాబుదారీగా మా అధ్యక్షుడు. లిఫ్టు వాడేవాళ్ల తరఫున అయిదో అంతస్తు పెద్దావిడ. ఆవిడకు మోకాళ్ల నొప్పి, లిఫ్టు ఒక్క రోజు ఆగినా ఇల్లు కదలలేరు. చేసేవాళ్ల తరఫున లిఫ్టు కంపెనీ మేనేజరు.

పనిని దశలు చేసుకున్నాం. ఒక్కో దశ చివర ముగ్గురూ కూర్చుని, సాగుదామా వద్దా అని చూడాలి. రెండో దశ పాత లిఫ్టు విప్పడం. విప్పుతామని మనుషులు వచ్చేశారు, పానాలు బయటికి తీశారు. అప్పుడు ఆ పెద్దావిడ కుర్చీ వేయించుకుని కింద కూర్చుని, "కొత్త మెషిను గోదాములో దిగిందా? నాకు ఫోటో చూపించండి" అన్నారు. దిగలేదు. దారిలో ఉందన్నారు. దిగాకే పాతది విప్పండని ముగ్గురూ సంతకం పెట్టి పంపేశారు. 19 రోజుల తర్వాత మెషిను వచ్చింది. ఆ 19 రోజులూ పాత లిఫ్టు తిరిగింది. లేకపోతే ఆవిడ అన్ని రోజులూ ఇంట్లో బందీ అయ్యేవారు.

కాగితాలు మొత్తం పదకొండు పేజీలు. అంతే.

భీమిలి_శ్రీను

లక్ష్మి గారూ, మీది బాగుంది, కానీ మీకు 24 ఇళ్లకు ఒక్క అధ్యక్షుడు దొరికాడు. నేను కట్టే ఇళ్లకు యజమాని, ఆయన భార్య, అమెరికాలో ఉన్న కొడుకు, బావమరిది, వాస్తు పండితుడు, అందరూ బోర్డే. మధురవాడలో ఒక ఇంటికి రెండో శ్లాబు పోశాక వంటగది ఆగ్నేయానికి జరపమన్నారు. డ్రెయినేజి పైపులన్నీ తిరిగి వేశాను. ఇలాంటి చోట మీ రిజిస్టరు ఎవరు చూస్తారు?

ఎంవీపీ_లక్ష్మి

మాకూ 24 మంది ఉన్నారండీ! మొదటి సమావేశంలోనే గొడవ. నాకు ఓటు లేదా అని ఒకాయన లేచి నిలబడ్డాడు. మా అమ్మాయి వీడియోలో వివరించింది. బోర్డులో చివరి మాట ఒక్కరిదే ఉండాలట. వాడేవాళ్ల ప్రతినిధి, చేసేవాళ్ల ప్రతినిధి చెప్పింది ఆయన వినాలి, కానీ తేల్చేది ఆయనే, రేపు డబ్బు వృథా అయితే జవాబు చెప్పేదీ ఆయనే. ఓట్లు లెక్కపెట్టి తేల్చే పద్ధతి కాదు. అది విన్నాక మా అధ్యక్షుడు రెండు రోజులు ఆలోచించుకుంటానన్నారు. తనమీద పడే బరువు ఆయనకు అప్పుడే తెలిసింది.

రుషికొండ_సింధూర

లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ మనిషిని ఎగ్జిక్యూటివ్ అంటారు. శ్రీను గారూ, మీ ఇళ్ల దగ్గర రిజిస్టరు కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: "మీ అందరిలో ఎవరి మాట చివరిది?" పునాది తవ్వకముందు ఆ ఒక్క పేరు కాగితం మీద రాయించుకోండి. వంటగది జరపమని బావమరిది అడగవచ్చు. ఆ పేరున్న మనిషి ఖర్చు చూసి సరేనని సంతకం పెట్టాకే గోడ కదులుతుంది.

భీమిలి_శ్రీను

అడిగి చూస్తాను. ఇంటాయన పేరు రాస్తే ఇల్లాలు ఊరుకోదు, ఆవిడ పేరు రాస్తే ఆయన ముఖం మాడ్చుకుంటాడు. అయినా అడిగి చూస్తాను.

డాబాగార్డెన్స్_వంశీ

ఇదంతా పాతకాలం పద్ధతి. 2001లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి అజైల్ ప్రకటన చేశాక ప్రపంచం మారింది. రెండు వారాలకొకసారి పని చూపించండి, మార్పులు వస్తే తీసుకోండి. మార్పు అడిగిన ప్రతివాడి చేతా ఫారం నింపిస్తే వాడకందారుకు కావలసింది ఎప్పటికి చేరుతుంది?

గాజువాక_రమణ

వంశీ గారూ, మీ పనిలో తప్పు వస్తే చెరిపి రాసుకోవచ్చు. నా 10 మిల్లీమీటర్ల ప్లేటులో కోసిన రంధ్రం చెరగదు. అతుకు వేస్తే ట్యాంకు ఉన్నంతకాలం ఆ మచ్చ ఉంటుంది. రేపు తనిఖీకి వచ్చిన ప్రతివాడూ దాని మీద వేలు పెట్టి ఇదేమిటని అడుగుతాడు.

రుషికొండ_సింధూర

రమణ గారి మాటకు వందనం. వంశీ, ఈ రెండింటికీ పేచీ లేదు. 2015లో ప్రిన్స్ 2 అజైల్ అని విడిగా ఒకటి తెచ్చారు కూడా. అందులో సమయం, ఖర్చు బిగించి ఉంచి, ఎన్ని అంశాలు ఇవ్వాలన్నదాన్ని సడలిస్తారు. మా బృందంలో అలాగే చేస్తాం. రెండు వారాల విడతలో ఏ అంశం ముందు, ఏది వెనుక అన్నది బృందం ఇష్టం. మొత్తం ప్రాజెక్టుకు ఇంకా డబ్బు పోయాలా అన్నది బోర్డు ఇష్టం.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజనీరు

నా అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాను. ఈ పద్ధతి మొదటి సూత్రం చదివాను. ప్రాజెక్టు సాగినంతకాలం దానికి వ్యాపారపరమైన సమర్థన ఉండాలట, లేని రోజున ఆపేయాలట. విశాఖలో ఉంటూ ఈ మాట ఎలా ఒప్పుకోగలం? ఉక్కు కర్మాగారం కోసం 1966లో రాష్ట్రమంతా రోడ్డెక్కింది. మనుషులు ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. జాతికి అంకితమైంది 1992 ఆగస్టు 1న. మధ్యలో 21 ఏళ్లు. నిధులు రాని ఏళ్లున్నాయి, అసలు వస్తుందా అని జనం నిరాశపడిన ఏళ్లున్నాయి. దశ దశకూ బోర్డు కూర్చుని లాభనష్టాల కాగితం చూసి ఉంటే, మూడో దశలోనే తాళం వేసేవాళ్లు. ఈ రోజు గాజువాక ఉండేదా? రమణ గారి ఆటోనగర్‌లో ఇన్ని షాపులు ఉండేవా?

గాజువాక_రమణ

మా నాన్న ఆ నిర్మాణంలో రాడ్ బెండరుగా చేశారు మాస్టారూ. మేం శ్రీకాకుళం జిల్లా నుంచి ఇక్కడికి వచ్చింది దానికోసమే.

డాబాగార్డెన్స్_వంశీ

ఈ ప్రశ్నకు సింధూర గారి జవాబు వినాలని ఉంది.

రుషికొండ_సింధూర

నిన్న రాత్రంతా మాస్టారి ప్రశ్న గురించే ఆలోచించాను. తేలికగా కొట్టిపారేయలేను.

మీరు చెప్పిన ఆ సమర్థన రాసే కాగితాన్ని బిజినెస్ కేస్ అంటారు. ఆ మాటను వ్యాపార లాభం అని అనువదిస్తే మీరన్నట్టే అవుతుంది. కానీ ఈ పద్ధతి పుట్టింది ప్రభుత్వ పనుల కోసం. అందులో ప్రయోజనం అంటే డబ్బు ఒక్కటే కాదు. ఒక ప్రాంతానికి వచ్చే ఉపాధి, తరువాతి తరాలకు అందే నైపుణ్యం, ప్రజలకు ఇచ్చిన మాట, ఇవన్నీ ఆ కాగితంలో రాయవచ్చు, రాయాలి. దశ చివర అడగవలసిన ప్రశ్న "లాభం వస్తుందా?" కాదు. "ఏ ప్రయోజనం కోసం మొదలుపెట్టామో అది ఇంకా మనకు కావాలా, పెట్టే ఖర్చుకు తగినదేనా?" అన్నది. 1971 తర్వాత ఏ సంవత్సరంలో ఆ ప్రశ్న ఆంధ్రులను అడిగినా కావాలనే చెప్పి ఉండేవారు.

ఇంకా చెప్పాలంటే, దశ దశకూ అలా బహిరంగంగా అడిగి ఉంటే నిధులు ఆపినవాళ్లు ఎందుకు ఆపుతున్నారో కాగితం మీద చెప్పవలసి వచ్చేది. ఆపేస్తున్నామని చెప్పకుండా, సాగిస్తున్నామనీ చెప్పకుండా ఏళ్ల తరబడి పనిని నానబెట్టే వీలు ఈ పద్ధతిలో ఉండదు. నాకు దానిమీద ఉన్న గౌరవం అందుకే.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజనీరు

చివరి పేరా ఒప్పుకుంటున్నాను. పూర్తిగా కాదు. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు ఎవరన్న దానిమీదే అంతా ఆధారపడుతుంది. ఢిల్లీలో కూర్చున్న ఎగ్జిక్యూటివ్ ప్రయోజనాల జాబితాలో గాజువాక ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. కానీ ప్రశ్నను దాచకూడదన్నది సరైన మాటే.

పోర్టు_ఏరియా_గోదాము

మధ్యలో దూరుతున్నాను. మీరెవరూ ఎత్తని సూత్రం ఒకటుంది, అనుభవం నుంచి నేర్చుకోవడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా గోదాము పైకప్పు సగం లేచిపోయింది. అప్పటి మా మేనేజరు ఊరికే బాగుచేయించి వదల్లేదు. మిగిలిన సగం ఎందుకు నిలబడిందో నిచ్చెన ఎక్కి చూశాడు. నిలబడిన చోట కొక్కెం బోల్టులు దగ్గర దగ్గరగా ఉన్నాయి, వాషర్లు వెడల్పువి. ఎగిరిన చోట బోల్టుకూ బోల్టుకూ మధ్య దూరం రెట్టింపు. దాన్ని నోటు పుస్తకంలో బొమ్మ వేసి, కొలతలతో రాసిపెట్టాడు.

ఆయన బదిలీ అయ్యాడు. నాలుగేళ్ల తర్వాత కొత్త షెడ్డు కట్టించే పని నాకు వచ్చింది. ఆ పుస్తకం బీరువాలో దొరికింది. కాంట్రాక్టరు పాత దూరంతోనే బిగించబోతుంటే ఆ పేజీ చూపించాను. దీన్ని లెసన్స్ లాగ్ అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. పేరు తెలియకుండానే ఆ మనిషి చేశాడు.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజనీరు

అలాంటి మేనేజరు నా కింద ఉంటే భుజం తట్టేవాణ్ణి. ఆ పేజీ ఫోటో ఉంటే పెట్టండి.

వేదిక_నిర్వాహకుడు

చర్చ బాగుంది. సొంత అనుభవాలు రాసేటప్పుడు కంపెనీల పేర్లు, మనుషుల పేర్లు రాయవద్దని గుర్తుచేస్తున్నాను. ఒక పోస్టులో పేరు తొలగించాను.

గాజువాక_రమణ

ఇంకొక్కటి తేల్చండి సింధూర గారూ. ఫైలులో ప్రోడక్ట్ డిస్క్రిప్షన్ అని ఉంది. మాది ట్యాంకే కదా, డ్రాయింగు ఉంది కదా, మళ్లీ వర్ణన ఎందుకు?

రుషికొండ_సింధూర

ఇది మీకు చాలా ఉపయోగపడుతుంది. "పెయింటింగ్ పని" అని ప్లానులో రాస్తే అది ఎప్పుడు అయిపోయినట్టు? మీ పెయింటరు డబ్బా మూత పెట్టినప్పుడా, వాళ్ల ఇన్‌స్పెక్టరు సరేనన్నప్పుడా? ప్రిన్స్ 2లో పనిని రాయరు, చేతికి వచ్చే వస్తువును రాస్తారు. "ట్యాంకు బయటి పూత. రంగు ఇన్ని పొరలు. ఆరాక మందం ఇన్ని మైక్రాన్లు, ఇంతకు తగ్గకూడదు. ఈ గేజితో, ఇన్ని చోట్ల కొలవాలి. కొలిచేది ఫలానా వారు, ఒప్పుకునేది ఫలానా వారు." ఇంత రాసుకుంటే పని అయిందా లేదా అన్న వాదన రాదు. ముందు వస్తువులన్నిటినీ ఇలా రాసుకుని, ఆ తర్వాతే వాటికి కావలసిన పనులూ రోజులూ లెక్కవేస్తారు.

గాజువాక_రమణ

మందం మీద ఇంతకుముందు ఒక పనిలో నెల రోజులు కొట్లాడాం. మా గేజి 210 చూపిస్తే వాళ్ల గేజి 180 చూపించింది. ఏ గేజి అన్నది ముందు రాసుకుని ఉంటే... సరే, అర్థమైంది.

కంచరపాలెం_కిరణ్

నా పరీక్ష ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఫీజు కట్టే గడువు శనివారం.

రుషికొండ_సింధూర

కిరణ్, మొదటి మెట్టు ఫౌండేషన్. దానికి ఏ అర్హతా అడగరు. 60 నిమిషాల్లో 60 ప్రశ్నలు, ఏడో కూర్పులో 36 సరిగ్గా రాస్తే ఉత్తీర్ణత. రెండోది ప్రాక్టీషనరు. రెండున్నర గంటలు, పుస్తకం దగ్గర పెట్టుకుని రాయవచ్చు, అయినా కష్టమే. పరిస్థితి ఒకటి ఇచ్చి ఏం చేస్తావని అడుగుతారు. సర్టిఫికెట్టు మూడేళ్లకు తిరిగి పొడిగించుకోవాలి.

పరీక్షతోనే ఉద్యోగం ఖాయమన్న మాట నమ్మకు. బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియా సంస్థలతో పనిచేసే కంపెనీల్లో దీనికి విలువ ఉంది. అమెరికా సంస్థలు ఎక్కువగా పీఎంపీ అనే వేరే సర్టిఫికెట్టు అడుగుతాయి. దానికి డిగ్రీ తర్వాత మూడేళ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం కావాలి, నీకు ఇంకా రాదు.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజనీరు

కిరణ్ బాబూ, శనివారం ఫీజు కట్టకు. ముందు ఏదైనా షాపులో చేరు, ఒక్క పని మొదటినుంచి చివరిదాకా చూడు. తరువాత ఆ పుస్తకం చదివితే ప్రతి పేజీలో నీకు తెలిసిన మనుషుల ముఖాలు కనిపిస్తాయి. ఇప్పుడు చదివితే మాటలు మాత్రమే కనిపిస్తాయి.

రుషికొండ_సింధూర

మాస్టారి సలహాతో నాకు ఏకీభావం. రెండేళ్ల తర్వాత రాయి.

కంచరపాలెం_కిరణ్

ఇంట్లో ఫీజు డబ్బు ఇప్పటికే తీసి పెట్టారు. నాన్నకు ఈ పోస్టులు చూపిస్తాను. రమణ గారూ, మీ షాపులో ట్రెయినీలను తీసుకుంటారా?

గాజువాక_రమణ

అడిగి చెబుతాను కిరణ్. ఎండలో నిలబడగలవా?

ఎంవీపీ_లక్ష్మి

రమణ గారూ, చివరికి ఏమైందో రాయడం మరచిపోకండి.

గాజువాక_రమణ

మూడు వారాల తర్వాత వస్తున్నాను.

ముందుగా కాంట్రాక్టు కాగితాలు, ఫైలు తెచ్చుకుని మా యజమానితో కలిసి చదివాను. నిజంగానే నా పేరు ఎదురుగా టీమ్ మేనేజరు అని ఉంది. చేంజ్ అథారిటీ పేరు కూడా ఉంది, ఫోను చేసిన ఇంజనీరు కాదు, ఆయన పై అధికారి. వాళ్ల ప్రాజెక్టు మేనేజరు దగ్గరికి వెళ్లి, హైలైట్ రిపోర్టు, ఎక్సెప్షన్ రిపోర్టు మీవి, చెక్‌పాయింట్ రిపోర్టు నాది అన్నాను. ఆయన కాసేపు ఫైలు చూసి, ఔనన్నాడు. ఇప్పుడు వారానికి ఒక్క పేజీ రాస్తున్నాను. ఏడింటికల్లా ఇంటికి వెళ్తున్నాను.

రెండో ట్యాంకు ఒప్పుకునే ముందు రెండు గంటలు కూర్చున్నాం. డ్రాయింగు రివిజను నంబరు రాయించాను. పూత మందానికి ఏ గేజి అన్నది కూడా.

పోయిన బుధవారం మళ్లీ అదే ఇంజనీరు ఫోను చేశాడు. నిచ్చెన బిగించే క్లీట్లు అర అడుగు పక్కకు జరపమన్నాడు. చేయి వణికింది, అబద్ధం చెప్పను. ఇష్యూగా రాసి పంపండి, మా వైపు లెక్క చెబుతాను, మీ అథారిటీ సరేనంటే వెంటనే మొదలుపెడతాను అన్నాను. అవతల కాసేపు మాట లేదు. నలభై నిమిషాల్లో మెయిల్ వచ్చింది. ఒకటిన్నర రోజు, ఇంత ఖర్చు అని జవాబిచ్చాను. సాయంత్రానికి ఒప్పుకుంటూ సంతకం వచ్చింది. ఇంజనీరు మర్నాడు షాపుకు వచ్చి టీ తాగి వెళ్లాడు, కోపం ఏమీ లేదు.

మొదటి ట్యాంకు నాజిల్ డబ్బు మాత్రం రాలేదు. దాన్ని కూడా రిజిస్టరులో ఎక్కించమని అడిగాను, నంబరు పడింది, బోర్డు ముందుకు వెళ్తుందంటున్నారు.

కిరణ్, సోమవారం ఉదయం ఎనిమిదింటికి రా. బూట్లు వేసుకుని రా, చెప్పులతో గేటు దాటనివ్వరు. నేను ఇక ఆపుతాను. రేపు రెండో ట్యాంకుకు హైడ్రో టెస్టు, నీళ్ల ట్యాంకరు ఆరింటికే వస్తుంది.